ఫైటింగ్ గేమ్స్ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు: గార్డు ముందు, కాంబో ఆఖరున

"స్ట్రీట్ ఫైటర్ 6 కొన్నాను, ఆన్‌లైన్‌కి వెళ్తే వరసపెట్టి ఓడిపోతున్నాను, ఏ కాంబో నేర్చుకోవాలి?" హైదరాబాద్ గేమింగ్ గ్రూపుల్లో కొత్తవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. అడగాల్సింది కాంబో గురించి కాదు. కాంబో అంటే మధ్యలో ఖాళీ లేకుండా ఒకదాని వెంట ఒకటి తగిలే దెబ్బల వరస. అది పనికి రావాలంటే ముందు ఒక దెబ్బ తగలాలి. ఆ ఒక్క దెబ్బ తగిలే దాకా ఎదుటివాడి దెబ్బలు తినకుండా నిలబడాలి. అందుకే ఇక్కడ వరస తిరగేశాం: ముందు గార్డు, అంటే దెబ్బని అడ్డుకోవడం, తర్వాత గాల్లోంచి దూకేవాణ్ని దించడం, ఆ తర్వాత తిరిగి కొట్టడం, చివర్న కాంబో.

ఉదాహరణలు చాలావరకు స్ట్రీట్ ఫైటర్ 6 నుంచి, రియూ క్యారెక్టర్‌తో ఇచ్చాం. టెక్కెన్ 8 వేరుగా ఉన్నచోట ఆ సంగతి చెప్పాం.

## 1. డబ్బు పెట్టే ముందు

కొనకుండానే మొదలుపెట్టవచ్చు. స్ట్రీట్ ఫైటర్ 6కి, టెక్కెన్ 8కి రెండింటికీ ఉచిత డెమోలు ఉన్నాయి. స్ట్రీట్ ఫైటర్ డెమోలో రియూ, ల్యూక్ ఇద్దరూ దొరుకుతారు, ట్యుటోరియల్ కూడా ఉంటుంది. మొదటి వారానికి అది చాలు. గ్రాన్‌బ్లూ ఫాంటసీ వర్సస్ రైజింగ్ అనే ఇంకో ఫైటింగ్ గేమ్‌కి కూడా ఉచిత ఎడిషన్ ఉంది.

పీసీ అయితే స్ట్రీట్ ఫైటర్ 6కి కనీసం 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1060 స్థాయి గ్రాఫిక్స్ కార్డు, 60 జీబీ ఖాళీ కావాలి. టెక్కెన్ 8కి 100 జీబీ ఖాళీ పెట్టుకోండి. కొనే ముందు స్ట్రీట్ ఫైటర్ తయారు చేసే క్యాప్‌కామ్ ఉచితంగా ఇచ్చే బెంచ్‌మార్క్ టూల్ (మీ పీసీ ఆటని మోయగలదో లేదో కొలిచేది) నడిపి చూడండి. మామూలు గేముల్లో సెకనుకు 45 ఫ్రేములు (తెర మీద మారే బొమ్మలు) వచ్చినా నెట్టుకు రావచ్చు. ఇక్కడ కుదరదు. ఆట మొత్తం సెకనుకు 60 ఫ్రేముల లెక్క మీద నడుస్తుంది. మీ మెషీన్ తడబడితే మీకే కాదు, అవతల ఆడేవాడికీ ఆట పాడవుతుంది. 60 నిలకడగా రాకపోతే రిజల్యూషన్, నీడలు, బ్యాక్‌గ్రౌండ్ నాణ్యత తగ్గించేయండి. బొమ్మ అందంగా లేకపోయినా ఫరవాలేదు.

పీఎస్4 ఉన్నవాళ్లకు స్ట్రీట్ ఫైటర్ 6 వస్తుంది, టెక్కెన్ 8 రాదు. ప్లేస్టేషన్‌లో ఈ రెండు గేమ్‌లనూ ఆన్‌లైన్‌లో ఆడాలంటే పీఎస్ ప్లస్ చందా కూడా కట్టాలి. స్టీమ్‌లో ఆ ఖర్చు లేదు. గేమ్ ధర ఒక్కటే చూసి లెక్కేసుకునేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

## 2. చేతిలోకి ఏం తీసుకోవాలి

ఆర్కేడ్ స్టిక్ కొంటే ఆట వచ్చేస్తుందన్నది భ్రమ. ఇప్పటికే ఉన్న ప్యాడ్‌తో మొదలుపెట్టండి. ఒక్క షరతు: దిశలకు అనలాగ్ స్టిక్ వాడకండి, డి-ప్యాడ్ (ప్లస్ గుర్తు ఆకారంలో ఉండే దిశల బటన్లు) వాడండి. స్టిక్ మీద వేలు ఎంత దూరం జరిగిందో తెలియదు, కింద నొక్కబోతే మూలకి వెళ్తుంది. డి-ప్యాడ్‌లో ప్రతి దిశా వేలికి తెలుస్తుంది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) గానీ, కోఠిలో గానీ కంట్రోలర్ కొంటుంటే "ఫస్ట్ కాపీ" అనే నకిలీల జోలికి పోవద్దు. వాటిలో ముందుగా పోయేది డి-ప్యాడే. సెకండ్ హ్యాండ్ అయితే షాపులోనే ఫోన్‌కో ల్యాప్‌టాప్‌కో తగిలించి, బ్రౌజర్‌లో గేమ్‌ప్యాడ్ టెస్టర్ తెరిచి ఇవి చూడండి:

- డి-ప్యాడ్ నాలుగు దిశలూ ఒక్కోటి విడిగా పడుతున్నాయా
- కింద, ముందు కలిపి నొక్కితే రెండూ ఒకేసారి వెలుగుతున్నాయా
- వేలు తీసేశాక స్టిక్ దానంతట అది జరుగుతోందా
- కేబుల్ కదిపినప్పుడు కనెక్షన్ పోతోందా

కీబోర్డు కూడా మంచి ఆయుధమే. ఎడమకి ఏ, కిందకి ఎస్, కుడికి డి, దూకడానికి బొటనవేలితో స్పేస్ బార్ పెట్టుకోండి. డబ్ల్యూతో దూకడం కన్నా ఇది చాలా నయం, మూడు వేళ్లూ కదలకుండా ఉంటాయి. కానీ చవక కీబోర్డుల్లో కొన్ని మూడు కీల జతలు ఒకేసారి పడవు. ట్రెయినింగ్ మోడ్‌లో ఇన్‌పుట్ డిస్‌ప్లే (మీరు నొక్కినవి తెర మీద చూపేది) ఆన్ చేసి, ఎస్, డి పట్టుకుని ఒక్కో దాడి బటన్ నొక్కి చూడండి. ఏదైనా పడకపోతే ఆ బటన్‌ని వేరే కీకి మార్చండి.

## 3. ఆలస్యాన్ని తగ్గించడం

బటన్ నొక్కడానికీ స్క్రీన్ మీద కదలిక రావడానికీ మధ్య ఆలస్యం ఉంటే ఎంత ప్రాక్టీసు చేసినా దండగ. ఇంట్లో టీవీ మీద ఆడేవాళ్లు ముందు టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చేయాలి. అది లేకుండా టీవీ బొమ్మకి మెరుగులు దిద్దుతూ కూర్చుంటుంది, ఆలోపు మీ గార్డు ఆలస్యమవుతుంది. పీసీలో వీ-సింక్ (ఫ్రేములని మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్) ఆఫ్ చేసి, స్ట్రీట్ ఫైటర్ 6లో ఇన్‌పుట్ డిలే రిడక్షన్ ఆన్ చేసుకోండి.

ఇంటర్నెట్ విషయంలో స్పీడు చూసి మురిసిపోవద్దు. 40 ఎంబీపీఎస్ కనెక్షన్‌కి కేబుల్ వేసి ఆడితే 300 ఎంబీపీఎస్ వైఫై కన్నా బాగుంటుంది. ఈ ఆటలకు డేటా చాలా తక్కువ కావాలి, కానీ అది ఒకే వేగంతో, ఎక్కడా ఆగకుండా రావాలి. అమీర్‌పేట హాస్టల్లో పాతిక మంది పంచుకునే వైఫైలో అది జరగని పని. రూటర్ నుంచి మీ గది దాకా క్యాట్ 6 ల్యాన్ కేబుల్ లాగండి. ఫ్లాట్ కేబుల్ అయితే తలుపు సందులోంచి పోతుంది, ఓనర్‌తో పేచీ ఉండదు.

స్ట్రీట్ ఫైటర్ 6లో ఎదుటివాడు వైఫైలో ఉన్నాడా, కేబుల్‌తో ఉన్నాడా అన్నది మ్యాచ్‌కి ముందే గుర్తు రూపంలో కనిపిస్తుంది. వైఫైవాళ్లని చాలామంది వద్దంటారు. మీకు మ్యాచ్‌లు దొరకకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు.

కేబుల్ వేసినా కొందరితో అసలు కనెక్టే కావడం లేదంటే, మీ ఇంటర్నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు పంచుతుండవచ్చు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి "స్టాటిక్ ఐపీ కావాలి" అనండి. సాధారణంగా నెలకు కొంత అదనంగా తీసుకుంటారు. కరెంటు పోయే ఏరియా అయితే రూటర్‌కి చిన్న యూపీఎస్ కూడా పెట్టుకోండి.

## 4. ఒక్క క్యారెక్టర్, ఒక్క కంట్రోల్ టైపు

రియూ, కెన్, ల్యూక్‌లలో ఎవరినైనా తీసుకోండి. దూరం నుంచి కొట్టేది, దూకేవాణ్ని దించేది, దగ్గరికి చేరేది అన్నీ వీళ్ల దగ్గర ఉన్నాయి. వీళ్లతో నేర్చుకున్నది తర్వాత ఎవరితోనైనా పనికొస్తుంది. ఓడిన ప్రతిసారీ క్యారెక్టర్ మారిస్తే మాత్రం ఏదీ చేతికి అంటదు. ఇష్టపడే క్యారెక్టర్ ముందే ఉంటే, అది కష్టమని ఎవరు చెప్పినా దాన్నే తీసుకోండి. రోజూ ఆడాలనిపించడం ముఖ్యం.

మోడర్న్, క్లాసిక్ అనే రెండు కంట్రోల్ టైపుల మీద వాదనలు చాలా ఉన్నాయి. సంగతి ఇది: మోడర్న్‌లో స్పెషల్ బటన్ ఒక్కటి నొక్కితే హడోకెన్ (దూరం పోయే శక్తి బంతి), ముందుకి పట్టుకుని నొక్కితే షోర్యూకెన్ (పైకి లేస్తూ కొట్టే పంచ్) వస్తాయి. క్యారెక్టర్‌కి సొంతమైన ఇలాంటి మూవ్‌లనే స్పెషల్స్ అంటారు. అలా ఒక్క బటన్‌తో తీసిన స్పెషల్స్‌కి డ్యామేజీ 20 శాతం తగ్గుతుంది, కొన్ని మామూలు దెబ్బలు అసలు ఉండవు. క్లాసిక్‌లో ఆరు దాడి బటన్లు (పంచ్‌కీ కిక్‌కీ లైట్, మీడియం, హెవీ), అన్ని దెబ్బలూ ఉంటాయి, స్పెషల్స్‌కి వేళ్లు తిప్పాలి.

వారానికి మూడు నాలుగు గంటలే దొరికేవాళ్లకు మోడర్న్ మంచిది. తర్వాత మార్చుకోవచ్చు. "మోడర్న్ ఆడేవాడు ఆటగాడే కాదు" అనేవాళ్ల మాట పట్టించుకోవద్దు, దూకినప్పుడు వాళ్లనీ షోర్యూకెన్ దించుతుంది.

టెక్కెన్ 8లో బటన్లు నాలుగే: ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, ఎడమ కాలు, కుడి కాలు. కానీ ఒక్కో క్యారెక్టర్‌కి వందకు పైగా మూవ్‌లు ఉంటాయి. లిస్టు మొత్తం బట్టీ పట్టకండి. పది మూవ్‌లతో నెలలు గడిపేయవచ్చు.

## 5. అంకెల్లో దిశలు

గైడ్లలో 236, 623 అని కనిపిస్తాయి. కీబోర్డు కుడివైపున ఉండే నంబర్ ప్యాడ్‌ని ఊహించుకోండి. ఫోన్ డయల్ ప్యాడ్ కాదు, అందులో అంకెలు తలకిందులుగా ఉంటాయి. మీ క్యారెక్టర్ కుడివైపుకి చూస్తోందనుకుంటే:

- 5: ఏమీ నొక్కకపోవడం
- 6 ముందుకి, 4 వెనక్కి, 2 కిందకి, 8 పైకి
- 3: కింద, ముందు కలిపి. 1: కింద, వెనక కలిపి
- 236, పంచ్: హడోకెన్
- 623, పంచ్: షోర్యూకెన్
- 214, కిక్: టాట్సుమాకి (గిర్రున తిరుగుతూ కొట్టే కిక్)

క్లాసిక్‌లో అందరూ చేసే తప్పు ఒకటుంది. ముందుకి నడుస్తూ హడోకెన్ వేయబోతే షోర్యూకెన్ వస్తుంది. ఎందుకంటే మీరు నొక్కింది 236 కాదు, 6236. అందులో 623 దాగి ఉంది, గేమ్ దానికే మొగ్గు చూపుతుంది. నడక ఆపి, బొటనవేలు ఒక్క క్షణం వదిలి, అప్పుడు 236 తిప్పండి.

హడోకెన్‌కి బదులు ఉత్త పంచ్ వస్తుంటే రెండు కారణాలుంటాయి. వేలు 3 మీదుగా పోకుండా 2 నుంచి 6కి గెంతి ఉండాలి, లేదా చివరి 6 పడకముందే పంచ్ నొక్కి ఉండాలి. ఇన్‌పుట్ హిస్టరీ చూస్తే ఏదో తెలిసిపోతుంది. వేగం పెంచడం మందు కాదు. నెమ్మదిగా పది సార్లు సరిగ్గా వచ్చాక, అటువైపుకి మారి ఇంకో పది చేయండి. ఒకవైపే ప్రాక్టీసు చేసినవాడు మ్యాచ్‌లో రెండోవైపు చిక్కుబడతాడు.

## 6. మొదటి పని: గార్డు

స్ట్రీట్ ఫైటర్‌లో గార్డు బటన్ లేదు. ఎదుటివాడికి దూరంగా, అంటే మీ వెనక్కి నొక్కితే అదే గార్డు. మామూలుగా 1 పట్టుకుని, అంటే కూర్చుని గార్డు చేయండి. కాళ్ల మీద కొట్టే దెబ్బలు కూర్చుంటేనే ఆగుతాయి. దూకి కొట్టేవి, ఓవర్‌హెడ్‌లు (కూర్చున్నవాడి నెత్తి మీద పడే దెబ్బలు) వస్తే 4కి మారి నిలబడాలి.

టెక్కెన్‌లో ఇది తిరగబడుతుంది. అక్కడ కూర్చున్నవాడికి మిడ్ (నడుము ఎత్తు) దెబ్బలు గట్టిగా తగులుతాయి, కాబట్టి నిలబడి గార్డు చేయడమే అలవాటు కావాలి. కాళ్ల మీద పడే "లో" దెబ్బలు కొన్ని తిన్నా నష్టం తక్కువ. రెండూ ఆడేవాళ్లు ఈ తేడా దగ్గరే తికమకపడతారు.

ట్రెయినింగ్ మోడ్‌లో డమ్మీతో (ప్రాక్టీసుకి ఎదురుగా నిలబడే క్యారెక్టర్) ఇలా చేయండి:

1. రికార్డింగ్‌లో మొదటి స్లాట్‌లో కూర్చుని మీడియం కిక్ రికార్డు చేయండి.
2. రెండో స్లాట్‌లో ముందుకి దూకి హెవీ కిక్.
3. మూడో స్లాట్‌లో దగ్గరికి నడిచొచ్చి థ్రో, అంటే పట్టుకుని విసరడం. క్లాసిక్‌లో అది లైట్ పంచ్, లైట్ కిక్ కలిపి.
4. మూడూ రాండమ్‌గా వచ్చేలా పెట్టి, ఏమీ కొట్టకుండా పది నిమిషాలు గార్డు మాత్రమే చేయండి. థ్రో పట్టగానే మీరూ థ్రో బటన్లు నొక్కి విడిపించుకోండి.

విసుగొస్తుంది. అయినా ఈ పది నిమిషాలు తప్పించకండి. దెబ్బని గార్డు ఆపుతుంది, గార్డుని థ్రో గెలుస్తుంది, థ్రో పట్టబోయేవాణ్ని దెబ్బ గెలుస్తుంది. రాయి, కాగితం, కత్తెర లాంటిదే. గార్డు చేతికొస్తే ఈ మూడింట్లో ఎదుటివాడు ఎప్పుడు ఏది వాడుతున్నాడో చూసే తీరిక దొరుకుతుంది.

## 7. రెండో పని: దూకేవాణ్ని దించడం

కింది ర్యాంకుల్లో అందరూ దూకుతారు. ఒక దూకు దాదాపు ముప్పావు సెకను పడుతుంది, గాల్లో ఉన్నవాడు గార్డు చేయలేడు. దీన్ని ఆపగలిగితే చాలు, మొదటి కొన్ని ర్యాంకులు దాటేస్తారు.

క్లాసిక్ రియూకి 2 పట్టుకుని హెవీ పంచ్ సరిపోతుంది, వేళ్లు తిప్పే పని లేదు. మోడర్న్‌లో ముందుకి పట్టుకుని స్పెషల్.

ప్రాక్టీసులో అందరూ డమ్మీని దూకిస్తూనే ఉంటారు. అలా చేస్తే మీరు నేర్చుకునేది లయ మాత్రమే, చూసి స్పందించడం కాదు. మూడు స్లాట్లు వాడండి: ఒకదాంట్లో దూకడం, ఒకదాంట్లో హడోకెన్, ఒకదాంట్లో ఊరికే ముందుకీ వెనక్కీ నడవడం. రాండమ్‌గా వదిలి, దూకితేనే కొట్టండి. హడోకెన్ వస్తే గార్డు. నడుస్తుంటే బటన్ ముట్టుకోవద్దు. అప్పుడు తెలుస్తుంది అసలు కష్టం ఎక్కడుందో.

దెబ్బ తగలకపోతే కారణం చూడండి. అతను మీ కాళ్ల దగ్గరికి వచ్చాక నొక్కితే ఆలస్యమైనట్టు. నొక్కినా దెబ్బ గాలికి పోయిందంటే అతను మీ నెత్తి మీదుగా వెనక్కి దిగుతున్నాడు. అలాంటప్పుడు కొట్టే ప్రయత్నం మాని, అతను దిగే వైపుని బట్టి గార్డు దిశ మార్చుకోండి.

## 8. ఎవరి వంతు: ఫ్రేముల లెక్క

ఒక ఫ్రేమ్ సుమారు 16.7 మిల్లీసెకన్లు. ప్రతి దెబ్బకీ మూడు భాగాలుంటాయి: లేవడం, తగలడం, తేరుకోవడం. మీరు గార్డు చేశాక ఎవరు ముందు తేరుకుంటారన్నదే అసలు లెక్క. ఎదుటివాడి మూవ్ గార్డు మీద మైనస్ 5 అంటే, అతని కన్నా మీరు 5 ఫ్రేములు ముందు కదలగలరు. రియూ కూర్చుని కొట్టే లైట్ పంచ్ 4 ఫ్రేముల్లో తగులుతుంది. కాబట్టి దూరం అందితే అది తప్పకుండా తగులుతుంది. మైనస్ 2 అయితే అతను గార్డు చేయగలడు, కానీ వంతు మీదే. ప్లస్ అయితే వంతు ఇంకా అతనిదే, బటన్ నొక్కితే మీకే దెబ్బ.

పట్టికలు కంఠస్థం అక్కర్లేదు. ట్రెయినింగ్‌లో ఫ్రేమ్ మీటర్ (ఈ లెక్కని తెర మీద చూపేది) ఆన్ చేసి, మిమ్మల్ని ఓడించిన మూవ్‌ని డమ్మీతో చేయించి, గార్డు చేసి చూడండి. మొదటి నెలలో ఒక్కటి గుర్తుంటే చాలు: గార్డు చేసిన షోర్యూకెన్ లాంటివాటి తర్వాత ఎదుటివాడు చాలాసేపు నిస్సహాయంగా ఉంటాడు. అతను నేలకి దిగేదాకా ఆగి, మీ పెద్ద దెబ్బతో మొదలుపెట్టండి. తొందరపడి లైట్ పంచ్‌తో సరిపెట్టుకోవద్దు.

## 9. ఇప్పుడు కాంబో, అదీ ఒక్కటే

రియూతో దగ్గర నుంచి 2 పట్టుకుని మీడియం పంచ్, అది తగులుతుండగానే హెవీ షోర్యూకెన్. ఇంతే. మొదటి దెబ్బ తేరుకునే లోపే రెండోదానితో దాన్ని తెంచేస్తారు, కాబట్టి మధ్యలో ఖాళీ ఉండదు.

డమ్మీ గార్డుని "మొదటి దెబ్బ తర్వాత గార్డు" అనే రకానికి మార్చండి. మీ కాంబోలో సందు ఉంటే డమ్మీ ఆపేస్తుంది. ఇలా చూడకపోతే డమ్మీ మీద తగిలేది మనుషుల మీద ఎందుకు తగలడం లేదో ఎప్పటికీ అర్థం కాదు. రెండువైపులా పదికి ఎనిమిది వచ్చాకే పొడవైన కాంబో గురించి ఆలోచించండి. ఒకటి గుర్తుంచుకోండి, మీడియం పంచ్‌ని అతను గార్డు చేశాడని కనిపిస్తే షోర్యూకెన్ వేయకూడదు. వేస్తే పైన చెప్పిన శిక్ష మీకే పడుతుంది.

## 10. డ్రైవ్ గేజ్

డ్రైవ్ గేజ్ అంటే ప్రాణం గీత కింద కనిపించే శక్తి గీత, డ్రైవ్ మూవ్‌లకు ఇదే ఖర్చవుతుంది. రౌండు మొదట్లో దాని ఆరు గడులు నిండుగా ఉంటాయి. కొత్తవాళ్లు పది సెకన్లలో ఖాళీ చేసేస్తారు. ఖాళీ అయితే బర్నవుట్: స్పెషల్స్‌ని గార్డు చేసినా ప్రాణం కొంచెం పోతుంది, డ్రైవ్ మూవ్‌లు ఏవీ రావు. గోడ దగ్గర డ్రైవ్ ఇంపాక్ట్ (ఎదుటివాడి దెబ్బని తట్టుకుంటూ దూసుకొచ్చే పెద్ద దెబ్బ) తగిలితే స్పృహ తప్పుతారు. రెండు గడులు మిగిలాయంటే ఖర్చు ఆపి వెనక్కి తగ్గండి.

డ్రైవ్ ఇంపాక్ట్‌కి ఒక గడి ఖర్చు, లేవడానికి 26 ఫ్రేములు. అంటే అర సెకను కన్నా కాస్త తక్కువ. రంగు చిమ్మినట్టు కనిపించగానే మీరూ డ్రైవ్ ఇంపాక్ట్ వేస్తే మీదే గెలుపు. దీన్ని కూడా పైన చెప్పినట్టే రాండమ్ స్లాట్లలో కలిపి ప్రాక్టీసు చేయాలి.

## 11. ఆన్‌లైన్‌కి వెళ్లాక

గంట దొరికితే పావుగంట ట్రెయినింగ్, అరగంట మ్యాచ్‌లు, పావుగంట రీప్లేలు. రోజుకి ఒక్క లక్ష్యం పెట్టుకోండి, "ఈ రోజు దూకేవాళ్లని దించాలి" అని. గెలుపోటములు ఆ రోజు లెక్కలోకి రావు.

ఓడిన మ్యాచ్ రీప్లేని ఫ్రేమ్ మీటర్, ఇన్‌పుట్‌లు ఆన్ చేసి చూస్తూ ఇవి వెతకండి:

- దూకి కొట్టే దెబ్బ ఎన్నిసార్లు తిన్నారు
- కింద పడి లేస్తూ బటన్ నొక్కి దెబ్బ తిన్నారా
- ఎదుటివాడు ఒకే మూవ్ ఎన్నిసార్లు వాడాడు
- బర్నవుట్‌లోకి ఎందుకు వెళ్లారు

ఎక్కువసార్లు కనిపించినదాన్నే మర్నాడు ప్రాక్టీసు చేయండి. రెండు గేముల్లోనూ రీప్లే మధ్యలో ఆపి, మీరే కంట్రోల్ తీసుకుని అదే క్షణాన్ని మళ్లీ ఆడవచ్చు.

వరసగా మూడు ఓడితే ర్యాంక్డ్ (ర్యాంకు కోసం ఆడే మ్యాచ్‌లు) ఆపేయండి. నాలుగోది ఆడేది మీరు కాదు, మీ కోపం. బొటనవేలు నొప్పి పుడితే ఆ రోజుకి చాలించండి.

## 12. కేఫ్‌లో, దోస్తుల ఇంట్లో

కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ వైపు గంటల లెక్కన పీఎస్5 ఇచ్చే కేఫ్‌లలో ఆడేటప్పుడు కొన్ని పద్ధతులు పాటించాలి. కూర్చోగానే "భాయ్, ఒక్కసారి బటన్ చెక్" అని అడిగి మీ సెట్టింగ్స్ చూసుకోండి. మీ సొంత కంట్రోలర్ తీసుకెళ్తే, లేచేటప్పుడు దాన్ని బ్లూటూత్ నుంచి తప్పించడం మరవద్దు. లేదంటే బ్యాగులో బటన్ నొక్కుకుని వేరేవాళ్ల మ్యాచ్ మధ్యలో మెనూ తెరుచుకుంటుంది, తిట్లు మీకు.

మీకన్నా బాగా ఆడే అన్న దొరికితే "కాంబో చెప్పన్నా" అనకండి. "ఇందాక నన్ను దేంతో పదే పదే కొట్టావన్నా, దాన్నెలా ఆపాలి?" అని అడిగి, ఆ మూవ్‌నే నాలుగైదు సార్లు మీ మీద వేయించుకోండి.